సూది ముందు నాన్నకి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఒకటే ముడి. బళ్లు తెరిచాక హెల్త్ క్యాంపులు మొదలవుతాయి. క్యాంపులయిన రెండు వారాలకి నాకు ఉత్తరాలు మొదలవుతాయి. ఇదివరకు నులిపురుగులు, పుచ్చు పళ్లు, కళ్లజోడు గురించి అడిగేవారు. ఇప్పుడు కొలెస్ట్రాల్. రాజమండ్రిలో 36 ఏళ్లు పిల్లల డాక్టరుగా పనిచేశాను కానీ, పదేళ్ల పిల్లవాడి కొలెస్ట్రాల్ కాగితం పట్టుకుని తల్లులు రావడం ఈ మధ్యే చూస్తున్నాను. అందుకని దగ్గులు, పక్క తడపడాలు వచ్చే సంచికకి తోసేసి ఈ నాలుగే తీసుకున్నాను. కోప్పడకండి.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు, ఐదో తరగతి. బళ్లో క్యాంపు పెట్టి వేలికి సూది గుచ్చి చూశారు. "టోటల్ కొలెస్ట్రాల్ 214, ఎక్కువ, డాక్టర్ని కలవండి" అని చీటీ ఇచ్చారు. వాడు బక్కపలచన, 26 కిలోలే. ఆ రోజు నుంచి మా అత్తగారు గుడ్డు, నెయ్యి, పల్లీ పచ్చడి అన్నీ మాన్పించేశారు. "బక్కోడికి కొవ్వేంటి, చీటీయే తప్పు" అని మావారు కొట్టిపారేస్తున్నారు. మా ఇంట్లో ఇంకెవరికీ కొలెస్ట్రాల్ లేదు. మా బావగారు మాత్రం 41 ఏళ్లకి గుండెపోటుతో పోయారు. ఏం చెయ్యాలి? – ఒక తల్లి, చిలకలూరిపేట

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపింది 214 కాదు, 41.

ముందు మీవారి మాట తీసుకుందాం. బక్కవాళ్లకి కొలెస్ట్రాల్ ఉండదనుకోవడం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. కొలెస్ట్రాల్ అంటే పొట్ట మీద కనిపించే కొవ్వు కాదు. అది రక్తంలో తిరుగుతుంది, చాలా మటుకు మన కాలేయమే తయారుచేస్తుంది. ఆ కాలేయం మీదే రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ని, అంటే ఎల్‌డీఎల్‌ని, పట్టి లోపలికి లాక్కునే కొక్కేల్లాంటివి ఉంటాయి. అమెరికాలో డాలస్ నగరంలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు 1970ల్లో వీటిని కనిపెట్టారు, 1985లో నోబెల్ అందుకున్నారు. కొందరికి పుట్టుకతోనే ఈ కొక్కేలు సగమే పనిచేస్తాయి. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్క చెడ్డ జన్యువు వస్తే చాలు. ఆ బిడ్డ బక్కగా ఉన్నా, రోజూ పప్పుచారే తిన్నా రక్తంలో ఎల్‌డీఎల్ పుట్టిన నాటినుంచే ఎక్కువగా ఉంటుంది. ఇది అరుదైన జబ్బేం కాదు, సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. వైద్యం లేకుండా వదిలేస్తే ఈ జన్యువున్న మగవాళ్లలో దాదాపు సగం మందికి 50 ఏళ్లలోపే గుండె జబ్బు వస్తుంది. నొప్పి ఉండదు, నీరసం ఉండదు, పిల్లవాడు ఎగురుతూ దూకుతూ ఉంటాడు. 41 ఏళ్లకి పోయిన మీ బావగారికి ఇదే ఉండి ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. ఆయన రక్తం ఇప్పుడు చూడలేం. ఆయన తమ్ముడి రక్తం చూడగలం కదా.

కాబట్టి పిల్లవాణ్ని మళ్లీ సూదికి పట్టుకెళ్లే ముందు మీవారిని తీసుకెళ్లండి. అన్నకి ఆ జన్యువు ఉండి ఉంటే తమ్ముడికి ఉండే అవకాశం సగానికి సగం. "ఇంకెవరికీ కొలెస్ట్రాల్ లేదు" అని రాశారు. చూపించుకుని లేదంటున్నారా, చూపించుకోక లేదంటున్నారా? నా అనుభవంలో నూటికి తొంభై ఇళ్లలో రెండోదే. పిల్లలకి తుమ్మొస్తే రక్తపరీక్ష రాయమంటారు. నాన్నగారు మాత్రం పెళ్లిలో చొక్కా కొలతలిచ్చాక ఇంకెక్కడా కొలతకి దొరకరు. బావగారికి పిల్లలుంటే వాళ్లకీ పరీక్ష కావాలి. ఆ మాట వాళ్లమ్మకి మెల్లగా చెప్పండి. ఆవిడకి ఇప్పటికే ఉన్న దుఃఖం చాలు, కానీ ఈ సంగతి మాత్రం దాచకండి.

ఇక బాబు సంగతి. వేలి సూదితో వచ్చిన అంకెని అనుమానంగా తీసుకోండి, తీర్పుగా కాదు. ల్యాబ్‌లో నరం నుంచి రక్తం తీయించి పూర్తి లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలోని కొవ్వులన్నీ విడివిడిగా చూసే పరీక్ష, చేయించండి. జ్వరం వచ్చి తగ్గి రెండు మూడు వారాలైనా కాకపోతే ఆగండి, జబ్బులో ఈ అంకెలు నిలకడగా ఉండవు. రెండు వారాల నుంచి మూడు నెలల లోపు ఇంకోసారి చేయించి రెండూ కలిపి చూడాలి. థైరాయిడ్, మూత్రంలో ప్రొటీన్ కూడా చూడమని మీ డాక్టరుగారిని అడగండి. థైరాయిడ్ మందగించినా, కిడ్నీల నుంచి ప్రొటీన్ పోతున్నా కొలెస్ట్రాల్ పెరుగుతుంది.

రిపోర్టు వచ్చాక ఒక మోసం ఉంటుంది, జాగ్రత్త. కాగితం కుడిపక్కన "200 లోపు నార్మల్" అని అచ్చేసి ఉంటుంది. అది పెద్దవాళ్ల లెక్క. పిల్లలకి టోటల్ 170 లోపు ఉంటేనే బాగున్నట్టు, 200 తాకితే ఎక్కువ. ఎల్‌డీఎల్ 110 లోపు మంచిది, 130 నుంచి ఎక్కువ. రెండు పరీక్షల్లోనూ ఎల్‌డీఎల్ 190 దాటితే వారసత్వపు జబ్బు అని గట్టిగా అనుమానిస్తాం. ఇంట్లో చిన్న వయసు గుండెపోటు ఉంటే 160 చాలు. మీ ఇంట్లో ఉంది కాబట్టి మీరు చూసుకోవాల్సింది 160. ఒకవేళ టోటల్‌లో మంచి కొలెస్ట్రాలే, అంటే హెచ్‌డీఎల్, 70 ఉండి 214 వచ్చిందనుకోండి, అప్పుడు కంగారు చాలా వరకు తగ్గుతుంది. అందుకే టోటల్ ఒక్కటే రాసిచ్చే చీటీలంటే నాకు పడదు.

అత్తగారికి నా నమస్కారం చెప్పి గుడ్డు మళ్లీ పెట్టమనండి. 26 కిలోల పిల్లవాడికి గుడ్డు, పల్లీలు మాన్పిస్తే పోయేది కొలెస్ట్రాల్ కాదు, కండ. తిండిలో నిజంగా తగ్గించాల్సినవి బేకరీ పఫ్‌లు, డాల్డాతో చేసే స్వీట్లు, బడి గేటు దగ్గర మరిగిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేయించే బజ్జీలు. నెయ్యి ముద్దకి ఒక చుక్క చాలు, గరిటెలతో వద్దు. వారసత్వపు జబ్బే అని తేలితే తిండి ఒక్కదానితో దిగదు, మాత్ర కావాలి. సాధారణంగా 8 నుంచి 10 ఏళ్ల మధ్య మొదలుపెడతారు. "ఇంత చిన్నవాడికి గుండె మాత్రా!" అని ఇల్లంతా గోలపెడుతుంది, నాకు తెలుసు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలాంటి 214 మంది పిల్లలకి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలిచ్చి 20 ఏళ్లు వెంబడించి చూశారు, 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. 39 ఏళ్లు వచ్చేసరికి ఆ పిల్లల్లో నూటికి ఒకరికే గుండె సమస్య వచ్చింది. అదే జన్యువున్న వాళ్ల తల్లిదండ్రుల్లో అదే వయసుకి నూటికి 26 మందికి వచ్చింది. ఆ తల్లిదండ్రులకి చిన్నప్పుడు ఈ మాత్ర లేదు.

(214 మంది అన్నది యాదృచ్ఛికం. మీ బాబు అంకె కూడా అదే కావడం చూసి నేనే ఒకసారి ఉలిక్కిపడ్డాను.)

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా పాపకి తొమ్మిదేళ్లు నిండాయని ఏటా చేసే చెకప్‌కి తీసుకెళ్తే కొలెస్ట్రాల్ కూడా చూశారు. టోటల్ 186, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 168, ఎల్‌డీఎల్ 114. పొద్దున సీరియల్, జ్యూస్ తాగి వెళ్లింది. కాస్త బొద్దుగా ఉంటుంది. నెల్లూరులో మా అమ్మ "పసిపిల్లకి ఈ పరీక్షలేంట్రా, డబ్బు కోసం కాకపోతే" అంటోంది. ఇక్కడ అందరికీ చేస్తారట. నిజమేనా? – ఒక తండ్రి

జవాబు: నిజమే బాబూ. పైన చెప్పిన కొక్కేల కథ మీ ఊళ్లోదే. అమెరికాలో 1992 నుంచి, ఇంట్లో చిన్న వయసు గుండె జబ్బో, అమ్మానాన్నలకి కొలెస్ట్రాలో ఉన్న పిల్లలకే చూడమనేవారు. 2011లో అక్కడి జాతీయ నిపుణుల బృందం లెక్క మార్చి, 9 నుంచి 11 ఏళ్ల మధ్య ఒకసారి, 17 నుంచి 21 మధ్య ఒకసారి పిల్లలందరికీ చూడమంది. మధ్యలో ఎందుకు వదిలేశారంటే, ఈడు వచ్చే రోజుల్లో కొలెస్ట్రాల్ దానంతటదే 10 నుంచి 20 శాతం దిగుతుంది, ఆ కాలంలో చూస్తే ఉన్నది కూడా లేనట్టు కనిపిస్తుంది. అయితే అదే దేశంలో ముందస్తు పరీక్షల మంచిచెడ్డలు తూచే ఇంకో బృందం 2023లో కూడా "పిల్లలందరికీ చూడమనడానికి గానీ వద్దనడానికి గానీ తగినన్ని రుజువులు లేవు" అనే చెప్పింది. మీ అమ్మగారు పరిశోధనలేవీ చదవకుండానే ఆ రెండో పక్షంలో చేరారు. డబ్బు కోసమన్న మాట మాత్రం ఒప్పుకోను.

మీ పాపది చిలకలూరిపేట బాబు కథ కాదు. ఎల్‌డీఎల్ కొంచెమే ఎక్కువ. మంచిది తక్కువ, ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు, ఎక్కువ. పదేళ్ల లోపు పిల్లలకి ట్రైగ్లిజరైడ్లు 100 వస్తేనే ఎక్కువ. కానీ జ్యూస్ తాగి వెళ్లింది కదా, ఆ 168లో ఆ గ్లాసు వాటా ఎంతో తేలాలి, పరగడుపున ఇంకోసారి చేయించండి. తిన్నా తినకపోయినా చూసుకోదగ్గ అంకె ఒకటుంది: టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసెయ్యండి. మీ పాపకి 148. పిల్లలకి 145 నుంచి ఎక్కువ. అంటే గీత మీద కాలు పెట్టింది.

ఈ వాలకం మనవాళ్లలో బాగా కనిపిస్తుంది. మన దేశంలో 2016 నుంచి 2018 వరకు చేసిన జాతీయ పోషకాహార సర్వేలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో మూడోవంతు మందికి, 34 శాతం, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నాయి. టోటల్ కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు ఆ వయసులో 3 శాతమే. నెయ్యిని తిట్టేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోవాలి. ట్రైగ్లిజరైడ్లని పెంచేది ఎక్కువగా తీపి, మైదా, కుప్పగా పెట్టే తెల్లన్నం, కదలని ఒళ్లు. మీ ఫ్రిజ్‌లో జ్యూస్ డబ్బా ఉంటే తీసెయ్యండి, పండు కోసి పెట్టండి. వారాంతపు విందుల్లో పిల్లల బల్ల మీద సోడాలుంటాయి చూడండి, ఆ బల్ల మీద మంచినీళ్లు పెట్టే ధైర్యం ఎవరో ఒకరు చెయ్యాలి. ఆరునెలలు చూసి మళ్లీ పరీక్ష. ఈలోపు పాప బీపీ, షుగర్, కాలేయం పరీక్షలు ఒకసారి చూడమనండి. మాత్రలు అక్కర్లేదు. ఇంకొకటి: "నీకు కొవ్వెక్కువ" అన్న మాట పాప చెవిన పడనివ్వకండి. జ్యూస్ మానేది ఇంటిల్లిపాదీ మానాలి.

ప్రశ్న: నేను కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూలు ప్రధానోపాధ్యాయుణ్ని. ఒక ల్యాబ్‌వాళ్లు వచ్చి ఆరు నుంచి పది తరగతుల పిల్లలందరికీ ఉచితంగా కొలెస్ట్రాల్ పరీక్ష చేస్తామంటున్నారు. 400 పైచిలుకు పిల్లలు. తల్లిదండ్రుల సంతకాలు తెచ్చే పని మాది. మంచి పనే కదా అనిపిస్తోంది, ఎక్కడో అనుమానంగానూ ఉంది. – ఒక మాస్టారు

జవాబు: మాస్టారూ, మీ అనుమానం నిజం. మొట్టమొదట వయసు చూడండి. ఆరు నుంచి పది అంటే 11 నుంచి 15 ఏళ్లు. పై జవాబులో చెప్పానే, కొలెస్ట్రాల్ దిగి కనిపించే కాలం, సరిగ్గా అదే. దొరకాల్సిన పిల్లవాడే "నార్మల్" కాగితం పట్టుకుని ఇంటికెళ్తాడు. ఆ కాగితం బీరువాలో పెట్టుకుని 30 ఏళ్లు ధీమాగా ఉంటారు.

వాళ్లని ఒకటే అడగండి: ఎక్కువ వచ్చిన పిల్లవాణ్ని ఆ తర్వాత ఎవరు చూస్తారు? "మా సెంటర్‌కి వస్తే ఫుల్ బాడీ ప్యాకేజీలో తగ్గిస్తాం" అన్నారంటే ఉచితం ఎక్కడ అయిపోతుందో మీకు తెలిసిపోతుంది. బడిపిల్లలందరికీ చూడటం తప్పని నేననను. స్లొవేనియా అనే చిన్న దేశంలో 1995 నుంచి ఐదేళ్ల పిల్లలందరికీ చూస్తున్నారు. జపాన్‌లో కగావా అనే జిల్లాలో 2012 నుంచి నాలుగో తరగతి పిల్లలకి, అంటే తొమ్మిది పదేళ్ల వాళ్లకి, బళ్లోనే చేస్తున్నారు. అక్కడ సూది వెనకాల ఒక దారి ఉంది: బడి డాక్టరు, పెద్దాసుపత్రి, ఆ తర్వాత అమ్మానాన్నలకి పరీక్ష. మనకి బడి పిల్లల్ని చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, కీళ్లవాతంతో వచ్చే గుండె జబ్బు, రక్తహీనత, పళ్లు, చెవులు అన్నీ దాని జాబితాలో ఉన్నాయి. కొలెస్ట్రాల్ లేదు. ఆ వ్యాను మీ బడికి ఏడాదికోసారి వచ్చినప్పుడు 400 మందినీ నిజంగా చూసి వెళ్లేలా చేయించండి. నా మాట వింటే ఈ క్యాంపు కన్నా అదే పెద్ద పని.

కొలెస్ట్రాల్ కోసం ఏదైనా చెయ్యాలనే ఉంటే సంతకాల కాగితం మీద రెండు ప్రశ్నలు రాసి పంపండి. ఇంట్లో, అంటే అమ్మానాన్నలు, తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు, పెదనాన్న బాబాయిలు, మేనత్త మేనమామల్లో, మగవాళ్లకి 55 లోపు, ఆడవాళ్లకి 65 లోపు గుండెపోటు గానీ స్టెంట్ గానీ హఠాత్తుగా పోవడం గానీ ఉందా? ఎవరికైనా కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలిందా? ఉందన్న పిల్లలకే పరీక్ష రాయించండి.

ఇందులో ఒక కంత ఉంది, దాచను. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలో ఐదో తరగతి పిల్లలు 20,266 మందికి పరీక్ష చేసి చూశారు, 2010లో అచ్చయింది. ఇంట్లో గుండె జబ్బుందన్న పిల్లల్లో 8.3 శాతం మందికి కొవ్వులు తేడాగా ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ లేదన్న పిల్లల్లో ఎంతమందికనుకున్నారు? 9.5 శాతం! ఇంటి కథ అడిగి వదిలేస్తే చాలామంది జారిపోతారన్నమాట. మన దగ్గర ఇంకా కష్టం. తాతగారు ఎలా పోయారంటే "నిద్రలోనే పోయారమ్మా, పుణ్యాత్ముడు" అంటారు. ఏ వయసుకి అంటే మనవడికి తెలియదు. నాన్నకేమో ఇంకా 36 ఏళ్లే, రావాల్సిన గుండెపోటు ఇంకా రాలేదు, కాబట్టి "ఇంట్లో ఎవరికీ లేదు" అని సంతకం పెట్టేస్తాడు.

అందుకే నా పాట పాడుతూనే ఉంటాను, సూది ముందు నాన్నకి, అమ్మకి. 2024లో మన దేశపు గుండె వైద్యుల సంఘం కూడా 18 ఏళ్లకే మొదటి లిపిడ్ పరీక్ష చేయించుకోమంది, ఇంట్లో చిన్న వయసు గుండె జబ్బుంటే ఇంకా ముందే. ఆ మాట ప్రకారం ఈ పిల్లల అమ్మానాన్నలు ఎప్పుడో చేయించుకుని ఉండాలి. పెద్దవాళ్లకి ఈడు మార్పుల గొడవ లేదు, సంతకం కూడా వాళ్లదే. నాన్నకి ఎల్‌డీఎల్ 190 పైన వస్తే అప్పుడు ఇంట్లో పిల్లలందరికీ చూద్దాం. ల్యాబ్‌వాళ్లకి అంత ఉచితసేవ చెయ్యాలనుంటే పేరెంట్స్ మీటింగు రోజున బల్ల వేసుకుని కూర్చోమనండి. మాస్టర్లతో మొదలుపెట్టమనండి. మీరు ఆఖరుసారి ఎప్పుడు చూపించుకున్నారు?

ప్రశ్న: మాది మేనరికం. మా పాపకి ఆరేళ్లు. రెండేళ్లుగా మోచేతుల మీద, మోకాళ్ల మీద, పిరుదుల దగ్గర పసుపుపచ్చని గడ్డలు లేస్తున్నాయి. నొప్పి లేదు, దురద లేదు. ఒకచోట చూపిస్తే కొవ్వు గడ్డలని రెండు కోసి తీశారు, మళ్లీ వచ్చాయి. మా ఊరి ఆర్‌ఎంపీ గారు పెద్దయితే అవే పోతాయన్నారు. ఆగొచ్చా? – ఒక తండ్రి, పార్వతీపురం దగ్గర

జవాబు: ఆగొద్దు నాయనా. ఈ సంచిక మీ చేతికొచ్చిన మర్నాడే బయల్దేరండి.

పాపని చూడకుండా పేరు పెట్టకూడదు. కానీ మీరు చెప్పిన చోట్లు, ఆ రంగు, కోసినా మళ్లీ రావడం చూస్తే చెడ్డ జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ వచ్చిన పిల్లల్లో ఇలా ఉంటుంది. కొక్కేలు దాదాపు ఏవీ పనిచెయ్యవు. ఎల్‌డీఎల్ 500 దాటిపోవచ్చు. ఎక్కువైన కొలెస్ట్రాల్ చర్మం కింద పేరుకుంటుంది, గుండె రక్తనాళాల్లోనూ, గుండె నుంచి పెద్ద ధమని బయల్దేరే కవాటం దగ్గరా పేరుకుంటుంది. ప్రపంచంలో మూడు లక్షల మందిలో ఒకరికి వచ్చే జబ్బు ఇది. రక్తసంబంధంలో పెళ్లిళ్లు చేసుకునే చోట ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే ఒకే తాత దగ్గరి జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి కలుస్తుంది. ఎవరి మీదా నెపం వెయ్యకండి. మీ ఇద్దరి గుండెలకీ కూడా ఇది హెచ్చరికే.

1984లో స్టార్మీ జోన్స్ అనే ఆరేళ్ల అమెరికా పిల్లకి ఇదే జబ్బుకి పిట్స్‌బర్గ్‌లో గుండె, కాలేయం రెండూ ఒకేసారి మార్చారు. కొత్త కాలేయంతో కొత్త కొక్కేలు వచ్చాయి, కొలెస్ట్రాల్ దిగింది, ఆ పిల్ల ఇంకో ఆరేళ్ల పైన బతికింది. ఇప్పుడు అంతదాకా వెళ్లకుండానే మాత్రలున్నాయి, ఇంజెక్షన్లున్నాయి, రక్తాన్ని యంత్రంలో వడపోసి కొలెస్ట్రాల్ తీసేసే పద్ధతీ ఉంది. ఎంత ముందు మొదలైతే అంత మేలు.

మీకు ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నాది. 1991లో ఎనిమిదేళ్ల కుర్రాణ్ని తెచ్చారు, మడమ వెనక నరం లావుగా గట్టిగా ఉందని. చెప్పు ఒరుసుకుంటోందమ్మా, కొబ్బరినూనె రాయండి అని పంపేశాను. మడమ నరంలో కొలెస్ట్రాల్ పేరుకుంటే ఇలా ఉంటుందన్న పాఠం చదివే ఉన్నాను, కానీ ఎదురుగా కనబడితే గుర్తురాలేదు. మూడేళ్లకి ఆ తల్లి రెండో బిడ్డ జ్వరానికని వచ్చింది. భర్త 38 ఏళ్లకి పొలంలో వరికుప్ప దగ్గర కూలిపోయాడని చెప్పింది. అప్పుడు వెలిగింది. ఆ కుర్రాడి నాన్నకి కూడా మడమలు అలాగే ఉండేవట. ఆ కుర్రాడు ఇప్పుడు నలభై దాటాడు, రోజూ మాత్ర వేసుకుంటాడు, తన కొడుకుని ఐదేళ్లకే పరీక్షకి తెచ్చాడు. వాళ్ల నాన్న సంగతే నాతో ఎప్పుడూ ఎత్తడు. నేనూ ఎత్తను.

మీకు విశాఖపట్నం దగ్గర. పెద్ద బోధనాసుపత్రిలో పిల్లల విభాగానికి వెళ్లి గుండె డాక్టరుకి కూడా చూపించమని అడగండి. పాపకి లిపిడ్ ప్రొఫైల్, గుండె స్కాన్ చేస్తారు. మీ భార్యాభర్తలిద్దరూ అదే రోజు రక్తం ఇవ్వండి. ఇంకో బిడ్డ ఉంటే ఆ బిడ్డనీ తీసుకెళ్లండి. గడ్డలు కోసినప్పుడు ముక్క పరీక్షకి పంపి ఉంటే ఆ కాగితం వెతికి పట్టుకెళ్లండి, లేకపోయినా పర్వాలేదు. పాప పరుగెత్తేటప్పుడు ఆయాసపడినా, ఛాతీ పట్టుకున్నా, కళ్లు తిరిగి పడినా ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. రిపోర్టు రాగానే ఇదే చిరునామాకి ఒక కార్డు ముక్క రాయండి.